బావి నీళ్లు, బస్తా బరువు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పొద్దున లేచేసరికి మెడ పట్టేస్తే పెద్దవాళ్లు మొదట తప్పుపట్టేది దిండును. దాన్ని తీసుకెళ్లి ఎండలో వెయ్యమంటారు. చదువుకున్నవాళ్లు చాదస్తమని కొట్టిపారేస్తారు గానీ, పత్తి పండే నేలలో దిండు ఎలా ఉండేదో తలచుకుంటే అంత తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. ఏళ్ల తరబడి తల కింద నలిగి, చెమటా నూనే పీల్చుకున్న దూది ఉండలు కడుతుంది. ఒక పక్క గట్టిపడుతుంది, ఇంకో పక్క పల్చబడుతుంది. రాత్రంతా తల ఒక వైపుకే ఒరిగి ఉంటుంది. ఎండ తగిలితే చెమ్మ పోయి దూది కాస్త విచ్చుకుంటుంది. అంతకు మించి పాడైన దిండుకు దూదేకులవారు ఉండేవారు. ఏకే విల్లు భుజాన వేసుకుని వీధుల్లో తిరుగుతూ, పిలిచిన ఇంటి అరుగు మీద కూర్చుని, నారిని గుండుతో కొట్టి, ఉండకట్టిన దూదిని మళ్లీ పొరలు పొరలుగా విడదీసి పరుపులూ దిండ్లూ కుట్టిపెట్టేవారు. నొప్పి మెడలో ఉన్నా కారణాన్ని మెడ బయట వెతికిన అలవాటిది. ఆ వెతుకులాట సరైన దిక్కునే సాగిందని నా వాదన. ఈ పత్తి, మిరప నేలల్లో మెడ నొప్పికి నూనెలు, కాపడాలు, పట్టీలు ఉపశమనం ఇచ్చాయి. నివారణ మాత్రం తాగే నీళ్లు మారినప్పుడు, మోసే బస్తా తేలికైనప్పుడు, పని జరిగే తీరు మారినప్పుడు వచ్చింది. మారనిచోట నొప్పి అలాగే ఉంది.

మన పాత వైద్యానికి ఈ సంగతి తెలియనిది కాదు. మెడ బిగుసుకుపోవడాన్ని ఆయుర్వేదం మన్యాస్తంభం అంది. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో దానికి చెప్పిన కారణాలు పగటి నిద్ర, కూర్చోవడంలోనూ నిలుచోవడంలోనూ వంకర, తలెత్తి పైకి చూస్తూ ఉండడం. వాత కఫాల లెక్కను ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా, ఇవన్నీ రోజువారీ బతుకులోంచి ఏరిన కారణాలే. అయితే తరాలు గడిచేసరికి మన ఇళ్లలో మిగిలింది చికిత్స భాగమే. ఆముదం మర్దన, వావిలాకు కాపడం, పెనం మీద వేయించిన ఉప్పు మూట, ఆ తర్వాత 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం, ఇప్పటి నొప్పి మాత్రలు. కారణాలను అడిగే భాగం మరుగున పడింది. మరుగున పడితే ఏమవుతుందో చూడడానికి పాత ప్రకాశం జిల్లా పడమటి తాలూకాలను మించిన ఉదాహరణ తెలుగునాట మరొకటి కనిపించదు.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఈ మెరక ఊళ్లలో నడివయసు దాటినవాళ్ల వెన్నూ మెడా కొయ్యబారిపోతున్నాయన్న సంగతిని షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు పరిశీలించి, 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రకటించారు. మన దేశంలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ మీద తొలి నివేదికగా దాన్నే చెప్పుకుంటాం. ఆ జబ్బు నడక చాలా నెమ్మది. చిన్నప్పుడే పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. పెద్దయ్యాక ఒళ్లంతా సూదులు పొడిచినట్టు, కీళ్లు పట్టేసినట్టు ఉంటుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ వెన్నుపూసల మధ్య ఉండే కట్లలో సున్నం పేరుకుని అవి ఎముకలా గట్టిపడతాయి. మెడలోని ఏడు పూసలు ఒక్క ముక్కగా అతుక్కుపోతాయి. పక్కన ఎవరైనా పలకరిస్తే తల తిప్పడం కుదరదు, ఒళ్లు మొత్తం తిప్పాల్సి వస్తుంది. ఇంకా ముదిరితే పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతుంది. ఆ నొక్కుడు ఎక్కువగా పడేది మెడ దగ్గరే కాబట్టి చేతుల్లో తిమ్మిరి, కాళ్లలో బిగుతు, చివరికి నడక పోవడం వరుసగా వస్తాయి. ఫ్లోరోసిస్ నరాల మీద చూపే దెబ్బ గురించి తర్వాతి కాలంలో హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి విస్తారంగా రాశారు.

ఇలాంటి మెడను వాతం అనుకుని నూనె పోసి మర్దన చేస్తే ఏమొస్తుంది? అతుక్కున్న పూస విడిపోదు. మందు, వ్యాయామం, కాలర్ ఏదీ దాన్ని వెనక్కి తిప్పలేదు. చెయ్యగలిగిందల్లా ఇంకా పట్టని మెడలను కాపాడడం. దానికి దారి ఒక్క నీటిలోనే ఉంది. ఈ ప్రాంతపు రాతి పొరల్లోని ఫ్లోరైడ్ బావినీళ్లలోకి కరిగి వస్తుంది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే నల్లగొండ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. కానీ ఒక ఊరు ఊరంతా ఏళ్ల తరబడి రోజూ పటిక తూకం వేసుకుంటూ బతకడం కష్టం. నికరమైన జవాబు నది నీళ్లే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ గుంటూరు, ప్రకాశం మెట్టను మాగాణిగా మార్చిన కథ అందరూ చెప్పుకునేదే. కాలువ నీరు చెరువుల్లోకి చేరి, అక్కడినుంచి శుద్ధిచేసి ఇళ్లకు అందిన ఊళ్లలో అది వెన్నుపూసలనూ కాపాడింది. ఆ లెక్కను ఆయకట్టు ఎకరాల పక్కన ఎవరూ వేసి చూపరు. కనిగిరి వైపు ఊళ్లు మాత్రం సాగర్ నీటి కోసం చాలా కాలం ఎదురుచూశాయి. ఆ ఎదురుచూపులో గడిచిన ప్రతి ఏడూ కొందరి ఎముకల్లో చేరింది.

ఫ్లోరోసిస్ వేరే జబ్బు, మామూలు మెడ నొప్పితో దాన్ని కలపకూడదని ఎవరైనా అనవచ్చు. వేరే జబ్బే. అయినా ఆ ప్రాంతపు మనిషికి మెడ నొప్పి ఒకే మూలం నుంచి వస్తుందన్న హామీ లేదు. అందుకే గ్రామాల్లో సర్వేకు వెళ్లినవాళ్లు మూడు చిన్న పరీక్షలు చేస్తారు. నిలబడి మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు తాకమంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమంటారు. ఏ యంత్రమూ అక్కర్లేదు. గడ్డం ఛాతీకి ఆననివాడిని తర్వాత అడగాల్సింది ఏ బావి నీళ్లు తాగుతున్నావని. ఈ ఒక్క ప్రశ్న మెడ నొప్పి వైద్యంలోకి ఊరిని తీసుకొచ్చింది. అదే ప్రశ్నను బస్తా గురించి కూడా అడగాలి.

పాత మద్రాసు తూకంలో మణుగంటే 25 పౌన్లు, ఇరవై మణుగులు బారువ. పత్తి, మిరప, పొగాకు బేరాలు ఆ లెక్కల్లో సాగేవి. ఆ లెక్కలన్నీ సరుకు కోసం పుట్టినవి, మోసే మనిషి కోసం పుట్టినవి కావు. మెట్రిక్ తూకం వచ్చాక కూడా తెలుగునాట ధాన్యం బస్తా 75 కిలోలుగా నిలిచింది. ఈరోజు కూడా ఎకరాకు ముప్పై బస్తాలు అయ్యాయని రైతు చెబితే అది 75 కిలోల బస్తా లెక్కే. క్వింటాలు తూగే గోనెలు కూడా ఉండేవి. హమాలీ బస్తాను తల మీద కంటే ఎక్కువగా మెడ వెనక, వీపు పైభాగాన మోస్తాడు. ఇద్దరు ఎత్తి పెడితే, కొక్కెంతో గోనెను పట్టుకుని, మెడ ముందుకు వంచి, కళ్లు నేలకు దించి నడుస్తాడు. మెడ వంగినప్పుడు పూసల మధ్య మెత్తల ముందు భాగం నలుగుతుంది, వెనక కండరాలు లాగిపట్టి ఉంటాయి. బరువు ఆ స్థితిలో పడుతుంది. లారీ మీద నుంచి పలక దిగేటప్పుడు అడుగు తడబడితే ఆ దెబ్బ తినేది కూడా మెడే.

ఇక్కడ పత్తి బేలును ఒకసారి బస్తా పక్కన పెట్టి పోల్చి చూడాలి. గుంటూరు, చిలకలూరిపేట, సత్తెనపల్లి జిన్నింగ్ మిల్లుల్లో ప్రెస్ చేసిన బేలు సుమారు 170 కిలోలు ఉంటుంది. దాన్ని ఒక్కడు మోస్తాడని ఎవరూ అనుకోరు. అందుకే బేలుకు తోపుడు బండి వచ్చింది, దొర్లించే పద్ధతి వచ్చింది, తర్వాత యంత్రం వచ్చింది. 75 కిలోల బస్తాకు ఇవేవీ రాలేదు, ఎందుకంటే బలమైన మనిషి దాన్ని ఎలాగో ఒకలా మోయగలడు. మనిషికి అందనంత బరువు కంటే, ప్రాణం బిగబట్టి మోయగలిగిన బరువే మెడలను ఎక్కువగా తిన్నది. పరికరం అక్కడ ఆలస్యమైంది, చట్టమూ ఆలస్యమైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయం కలిగించేంత బరువు ఎవరిచేతా ఎత్తించరాదు, మోయించరాదు అంది. ఎంత బరువన్నది రాష్ట్రాల నిబంధనలకు వదిలింది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన సిఫారసులో వయోజన పురుషుడికి 55 కిలోల గీత గీసింది. కానీ మార్కెట్ యార్డు ఫ్యాక్టరీ కాదు. మన రాష్ట్రంలో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం 1976లోనే ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. సంక్షేమ బోర్డు కావాలని హమాలీ సంఘాలు ఈనాటికీ అడుగుతూనే ఉన్నాయంటే ఆ చట్టం ఎంతవరకు అందిందో అర్థమవుతుంది.

ధాన్య సేకరణలో 50 కిలోల గోనె స్థిరపడడం, సిమెంటు 50 కిలోల సంచిలో రావడం, 2018లో యూరియా సంచి 50 నుంచి 45 కిలోలకు తగ్గడం, ఇవన్నీ హమాలీ మెడకు మేలు చేసిన మార్పులు. యూరియా సంచిని తగ్గించింది ఎరువు వాడకం తగ్గించడానికి. అనుకోకుండానే అయినా, ఏ బామూ చెయ్యలేని పని ఆ ఐదు కిలోలు చేశాయి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ అనే మిర్చి బస్తా 40 నుంచి 45 కిలోలు తూగుతుంది. ధాన్యం బస్తాతో పోలిస్తే తేలిక. అలాగని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఎండుమిర్చి తేలికైన సరుకు కాబట్టి, కాళ్లతో తొక్కి కుక్కినా టిక్కీ ధాన్యం బస్తా కంటే లావుగా ఉబ్బి ఉంటుంది. మోసేవాడి తలను ముందుకు నెడుతుంది. సీజన్లో యార్డుకు రోజుకు లక్ష టిక్కీలు దాటి వచ్చిన రోజులున్నాయి. లక్ష టిక్కీలంటే తక్కువలో తక్కువ నాలుగు వేల టన్నులు. అది ఒకసారి ఎత్తితే సరిపోదు. బండి మీద నుంచి దించాలి, కాటా మీద పెట్టాలి, నెట్టు కట్టాలి, మళ్లీ లారీకి ఎక్కించాలి, కోల్డ్ స్టోరేజీలో అంతస్తులు మోయాలి. సంచి బరువు తగ్గించి అక్కడ ఆగిపోతే సగం పనే. ఎన్నిసార్లు ఎత్తుతున్నారన్నది మిగతా సగం.

దీనికి వినిపించే అభ్యంతరాల్లో మొదటిది, మన తాతలు మోపులు, గంపలు, నీళ్ల బిందెలు తల మీద మోసి కూడా నిటారుగా బతికారన్నది. దీనికి శాస్త్రం నుంచి ఒక ఆసరా కూడా ఉంది. 1986లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, కెన్యాలో తల మీద బరువు మోసే స్త్రీలు తమ ఒంటి బరువులో ఐదో వంతు వరకు అదనపు శక్తి ఖర్చు లేకుండానే మోయగలుగుతున్నారని తేలింది. అలవాటైన నడకలో ఆ నేర్పు ఉంది, కాదనను. కానీ ఆయాసం రాకపోవడం వేరు, పూస అరగకపోవడం వేరు. ఆఫ్రికాలోనే తల మీద బరువులు మోసేవాళ్ల మెడలకు ఎక్స్‌రేలు తీసి, మోయనివాళ్లతో పోల్చినప్పుడు అరుగుదల మోసేవాళ్లలో ఎక్కువగా కనిపించింది. పైగా ఐదో వంతు అంటే యాభై కిలోల మనిషికి పది కిలోలు. చుట్టకుదురు మీద నిలిపిన నీళ్ల బిందె దాదాపు ఆ కొలతలోకి వస్తుంది. పత్తి కట్టె మోపు రాదు, బస్తా అసలే రాదు. తాతల్లో నిటారుగా మిగిలినవాళ్లు మన కళ్ల ముందు ఉన్నారు, పని మానేసి మంచాన పడినవాళ్లు లెక్కలోకి రాలేదు.

రెండో అభ్యంతరం బరువైనది, హమాలీలే అనేది. కూలి బస్తాకు ఇంత అని ఉంటుంది. సంచి చిన్నదైతే, రేటు కూడా తగ్గితే, అదే డబ్బుకు ఎక్కువ నడకలు నడవాలి. కొందరికి పెద్ద బస్తానే గిట్టుబాటు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఈ అభ్యంతరం నిజం, కానీ అది చిన్న సంచికి వ్యతిరేకం కాదు, కూలి కట్టే పద్ధతికి వ్యతిరేకం. యార్డుల్లో హమాలీ రేట్లు అప్పుడప్పుడు చర్చలతో సవరిస్తూనే ఉన్నారు. ఆ చర్చలో క్వింటాలుకు ఇంత అని, తోపుడు బండికీ కన్వేయర్‌కూ పెట్టుబడి వ్యాపారిది అని రాసుకుంటే మెడను తాకట్టు పెట్టకుండా కూలి నిలుస్తుంది. మందుకొట్టే పంపు విషయం కూడా ఇలాంటిదే. పత్తి, మిరప చేలల్లో పదహారు లీటర్ల ట్యాంకు నింపితే నీటి బరువే పదహారు కిలోలు. తైవాన్ పంపుకు ఇంజను బరువు, అదురు కూడా తోడు. సన్నటి పట్టీలు మెడ, భుజం కలిసే కండరంలోకి కోసుకుపోతాయి. వెడల్పాటి మెత్త పట్టీ, నడుముకు కట్టే బెల్టు ఆ బరువును భుజాల నుంచి నడుముకు దించుతాయి. ఇంత చిన్న మార్పు చేసిన పంపును అడిగి కొనే రైతులు పెరగాలి.

మూడో మాట వైద్యులది. బరువెత్తనివాళ్లకూ మెడ నొప్పి వస్తుంది, నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ అరుగుదల కనిపిస్తుంది, కాబట్టి అంతా పని మీదికి నెట్టకూడదని. ఇది ఒప్పుకోవాల్సిందే. మామూలు పట్టుకు వేడి కాపడం మంచిదే. చాలామందికి కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. మెడను కదలనివ్వకుండా వారాల తరబడి కాలర్ వేసుకోవడం కంటే, నొప్పి ఓర్చుకోగలిగినంతలో తిప్పుతూ మామూలు పనులు చేసుకోవడమే మేలు. క్షవరం కుర్చీలో తలను గభాల్న తిప్పి టక్కుమనిపించుకునే అలవాటు మానుకోవాలి. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చేతిలో పట్టు తప్పుతున్నా, బొత్తాలు పెట్టుకోవడం కష్టమైనా, నడకలో కాళ్లు తడబడినా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరంతో పాటు మెడ బిగుసుకున్నా నూనె సీసా పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇవన్నీ మెడ నొప్పి వచ్చాక చేసే పనులు. నొప్పి తగ్గిన హమాలీ మర్నాడు మళ్లీ అదే టిక్కీ కిందకి వెళితే చికిత్స ఎన్నాళ్లు నిలుస్తుంది?

సెల్‌ఫోన్ చూసి మెడలు పాడవుతున్నాయని ఈమధ్య ప్రతి పత్రికా రాస్తోంది. తల బరువు ఐదు కిలోల దాకా ఉంటుంది. వంచేకొద్దీ దాన్ని నిలబెట్టడానికి మెడ వెనక కండరం అంతకు ఎన్నో రెట్లు లాగాలి. ఈ సంగతి నగరాల్లో ఫోన్లతో తెలిసింది గానీ, గుంటూరులో మిర్చి ముచ్చికలు తీసే ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. కోల్డ్ స్టోరేజీల ఆవరణల్లో, మిర్చి గోడౌన్లలో నేల మీద కూర్చుని, ముందు కుప్పలోంచి ఒక్కొక్క కాయనూ తీసి, ముచ్చిక విరిచి, తాలుకాయ ఏరి వేరే పడేస్తారు. చూపు చేతి వేళ్ల మీద, చేతివేళ్లు ఒడిలో, మెడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిందికే. మధ్యలో ఘాటుకు దగ్గు వచ్చినప్పుడల్లా ఆ వంగిన మెడ ఇంకోసారి అదురుతుంది. ఇక్కడ మోసే బరువంటూ ఏమీ లేదు, కాబట్టి బరువుల గురించిన ఏ నిబంధనా ఈ పనికి తగలదు. కూలి కిలోకు ఇంత కాబట్టి తలెత్తి రెండు నిమిషాలు భుజాలు తిప్పుకుంటే ఆ మేరకు డబ్బు పోతుంది. విశ్రాంతి తీసుకోమని డాక్టరు చెప్పే మాట ఆమెకు కూలి వదులుకోమన్నట్టే వినిపిస్తుంది.

ఈ పనిలో మెడను కాపాడే మార్గం ఖరీదైనదేమీ కాదు. కాయను కంటి దగ్గరికి తెచ్చే ఎత్తులో వాలుగా బిగించిన బల్ల, వీపుకు ఆనుకునే పీట, గంటకోసారి లేచి నడిచినా కూలి తగ్గని లెక్క చాలు. ముచ్చిక తీసిన కాయకు ఎగుమతి బజారులో ఎక్కువ ధర పలుకుతుంది. ఆ ఎక్కువ ధర వచ్చేది వాళ్ల వేళ్ల వల్లే కాబట్టి బల్లల ఖర్చు అందులోంచే రావాలి. మార్కెట్ కమిటీ, కోల్డ్ స్టోరేజీల యజమానులు, ఎగుమతిదారులు కలిసి వచ్చే సీజన్ మొదలయ్యేలోగా ఒక్క గోడౌన్లోనైనా ఇది అమర్చి, ఆ ఆడవాళ్ల మెడలు ఎలా ఉన్నాయో సీజన్ చివర వాళ్లనే అడిగి రాసిపెట్టాలి. 1937లో నలుగురు డాక్టర్లు పొదిలి, దర్శి మనుషుల వెన్నుపూసలను చూసి నీటి గురించి రాసినట్టు, మిర్చి పని గురించి కూడా ఎవరో ఒకరు కొలిచి రాయాలి.